మూడో ఎత్తు

రమాకాంత్ చదరంగం బాగానే ఆడతాడు. ఒక్కటే బలహీనత. తనకు నల్లపావులు వచ్చి, ఎదుటివాళ్లు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు తోశారంటే చేతులు చల్లబడతాయి. ఈ సంగతి నర్మదకు పెళ్లయిన పదో రోజున తెలిసింది. ఆయన తనకు చెప్పలేదు, ఫోన్లో వీణకు చెబుతుంటే విన్నది.

వీణ ఆయనతో డిగ్రీ చదివింది. కాలేజీ టీములో ఇద్దరూ కలిసి ఆడేవారు. ఇప్పుడు ముషీరాబాద్‌లో ఉద్యోగం. ఆ బంటుకు కింగ్స్ ఇండియన్ డిఫెన్స్ ఒక్కటే మందని వారానికి నాలుగు సాయంత్రాలు చెబుతుంది. ముందు గుర్రాన్ని దూకించి, మధ్య గళ్లన్నీ ఎదుటివాళ్లకు వదిలేసి, రాజును మూలకు చేర్చుకుని, అదను చూసి విరుచుకుపడాలట. ఆయన బాల్కనీలో నిలబడి వింటూ నవ్వుతాడు. తను చేసిన చింతచిగురు పప్పు తిన్నప్పుడు కూడా అట్లా నవ్వలేదే అని నర్మద లోపల కుతకుతలాడేది.

నారాయణగూడలో ఆదివారం పోటీ ఉందనగా ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి ఆయన ఆడే డిఫెన్స్ తన చేతిమీదుగానే వెళ్లాలి.

ఆమె గ్రూప్ టూకు చదువుతోంది. రోజూ అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్తుంది. నాలుగు రోజులు ఎకానమీ మూసిపెట్టి చదరంగం పుస్తకం తెరిచింది. స్లావ్ డిఫెన్స్ చూడగానే మనసు పడింది. బంటుకు బంటునే ఎదురు నిలిపి, దానికి పక్కన ఇంకో బంటును కాపలా పెట్టడం. మధ్యలో జాగా ఎవరికీ వదిలే పని లేదు. వదలడమెందుకు అసలు?

నేర్చుకోవడం మాత్రం అశోక్‌నగర్ పద్ధతిలోనే సాగింది, బిట్లు బిట్లుగా. తెల్లపావుల వాళ్లు పక్క బంటును కూడా తోసి, మూడో ఎత్తులోనే దానితో నల్ల బంటును కొట్టేసే ఆటకు పుస్తకంలో రెండే పేజీలున్నాయి, అందులో చప్పటి ఆట అని రాసి ఉంది. బిట్లు రాని చాప్టర్ వదిలెయ్యమని కోచింగ్ సార్లు చెప్పేది గుర్తుంచుకుని ఆ పేజీలు వదిలేసింది. ఇక వంట చేస్తూ, గొడుగు పట్టుకుని నడుస్తూ ఆయన్ను అడగడమే. ఒకటో ఎత్తు? మంత్రి ముందరి బంటు. రెండు? కాపలా బంటు. మూడు? గుర్రం. సరిగ్గా చెబితే ఒక మిర్చిబజ్జీ. ఆ సాయంత్రాలన్నీ బాల్కనీ ఖాళీగా ఉంది.

ఆదివారం మూడు ఆటలయ్యాక గోడకు నాలుగో ఆట జోడీల జాబితా అంటించారు. రమాకాంత్‌కు నల్లపావులు, ఎదురుగా వీణ. నర్మద ఆమెను చూడటం అదే మొదలు. నేత చీర, పొట్టి జుట్టు, నదురూ బెదురూ లేకుండా కూర్చునే తీరు. వీణ నవ్వుతూ మంత్రి బంటును తోసింది.

ఆయన గుర్రాన్ని ముట్టుకుంటే వీణ మాట, బంటును ముట్టుకుంటే తన మాట. ఆయన బంటును తోశాడు. వీణ పక్క బంటును కూడా తోసింది. ఆయన రెండో ఎత్తు కాపలా బంటు. వీణ కనుబొమ్మలెత్తి, ఆ పక్క బంటుతో ఆయన మొదటి బంటును కొట్టేసింది.

తిరిగి కొట్టాలి, అంతే. ఆయన చెయ్యి అటే వెళ్లి ఆగింది. గోడవార ఉన్న భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపకూడదు, మాట్లాడకూడదు. ఆమె ముఖంలో ఆయనకేం కనిపించిందో, గుర్రాన్ని దూకించాడు.

నలభై ఎత్తుల్లో ఓడిపోయాడు.

ఆట అయ్యాక ఆటగాళ్లు మళ్లీ పావులు పేర్చుకుని తప్పులు వెతుక్కోవడం రివాజు. పక్క గదిలో వీణ బోర్డు పెట్టింది.

"ఏంది రమా, బంటును వాపస్ కొట్టవా? చిన్నపిల్లలు గూడ కొడతరు."

"మూడో ఎత్తు గుర్రం అని నర్మద చెప్పింది. ఏదో ఆలోచించే చెప్పి ఉంటది అనుకున్న."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నర్మదకు లోలోపల తీయగానే ఉంది కానీ చెవులు మాత్రం మండిపోయాయి. వీణ నవ్వింది. మంచి నవ్వే, అందుకే మరీ ఒళ్లు మండింది. ఇట్ల కొడితే ఏమైతుండె, గట్లయితే నా ఏనుగు వస్తుండె అంటూ రెండు తలలూ బోర్డు మీదికి వంగాయి.

"లేవండి," అన్నది నర్మద. "నల్లవి నేనాడత."

"నీకు ఆట వచ్చా చెల్లె?" అన్నది వీణ.

"నాలుగు రోజులైంది. తొయ్యండక్కా."

వీణ మంత్రి బంటును తోసింది. నర్మద తన బంటును, తర్వాత కాపలా బంటును తోసింది. వీణ ఇందాకటిలాగే పక్క బంటుతో కొట్టింది. నర్మద తిరిగి కొట్టింది. ఆ తర్వాతంతా చదవని పేజీలే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. వెనుక నిలబడ్డ రమాకాంత్ ఏదో చెప్పబోయాడు. ఎదురుగా వీణ కూడా నోరు తెరిచింది.

"ఎవ్వరు చెప్పొద్దు," అని నర్మద చెయ్యి చాపింది.