రెండో పాఠం

ఏడో పీరియడ్ ముగిసేసరికి జీవశాస్త్రం టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ స్టాఫ్‌రూముకు వచ్చి కుర్చీలో కూలబడిందో లేదో, హెడ్మాస్టరు కబురంపాడు. టీచర్లంతా ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు సర్దుబాటు మాస్టారు. ఇద్దరు పిల్లలు ఒక బెంచీ కోసం కొట్టుకుంటే, ఇద్దరినీ నిలబెట్టి బెంచీని ఖాళీగా ఉంచే మనిషి.

"తల్లిదండ్రుల సంఘం వాళ్లు పట్టుబట్టి కూర్చున్నారమ్మా. పరిణామం పాఠం పక్కనే ఇంకో పాఠం కూడా చెప్పాలట. ఈ జీవరాశినంతా తెలివైనవాడెవడో ఆలోచించి తయారుచేశాడని. ఒక్క పీరియడే కదా, చెప్పేసి చేతులు దులుపుకోండి."

"సైన్సు పీరియడ్‌లోనా సార్?"

"మరి డ్రిల్లు పీరియడ్‌లో చెప్పిస్తామా?"

నవ్వు వచ్చింది గానీ నవ్వే ఓపిక లేదామెకు. ఈ గొడవ కొత్తది కాదు. కొన్నేళ్లకోసారి ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, ఆమె మళ్లీ మొదటినుంచీ చెప్పుకురావాలి.

"ఈసారి ఎవరు మొదలుపెట్టారు?"

మాస్టారు ఆమె కళ్లలోకి చూడకుండా, "మీ అన్నయ్యగారే" అన్నాడు.

అన్నయ్యకు బజారు మలుపులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. కూతురు ఇదే బడిలో చదువుతోంది. వదిన బతికుండగా దేవుడి ఊసే ఎత్తనివాడు, ఆమె పోయాక సాయంత్రాలు ఏవో సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. వెళితే వెళ్లాడు, నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరికారు కదా అని చెల్లెలు సంతోషించింది. అక్కడి మాట తన తరగతి గదిదాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

శనివారం బడి లైబ్రరీలో సమావేశం పెట్టారు. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అన్నయ్య లేచి, దుకాణంలో వాడే ప్లాస్టిక్ కన్ను బొమ్మను బల్లమీద పెట్టాడు.

"నేను రోజూ చూసేది కళ్లనే. కటకం, పాప, లోపలి పొర, దేనికదే అమరింది. ఈ బొమ్మ చేయడానికే ఒక కంపెనీ కావాల్సొచ్చిందే, అసలు కన్ను దానంతటదే అయిపోయిందంటే ఎలా నమ్మమంటారు? మా చెల్లెలి పాఠం తీసేయమనట్లేదు. పక్కన ఇదీ చెప్పమంటున్నా, అంతే."

చప్పట్లు మోగాయి. సర్దుబాటు మాస్టారు కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడోది కొట్టబోయి ఆపుకున్నాడు.

టీచరమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. "దానంతటదే ఒక్కరోజులో అయిందని మేమూ చెప్పం. వెలుగుకీ చీకటికీ మాత్రమే తేడా తెలిసే చుక్కలాంటి కన్నున్న జీవులు ఇప్పటికీ ఉన్నాయి. గుంటలా ఉండే కళ్లున్నాయి, కటకం ఉన్న కళ్లున్నాయి. మెట్లన్నీ కనబడుతూనే ఉన్నాయి. మన కంట్లో నరాలు చూపు పొరకి ముందువైపునుంచి పోతాయి. అవి బయటికెళ్లేచోట మనకి చూపే ఉండదు. ఆలోచించి చేసేవాడెవడైనా అలా పెడతాడా? ఈ సంగతి మా అన్నయ్యకి నాకన్నా బాగా తెలుసు."

అన్నయ్య బొమ్మను తనవైపు తిప్పుకున్నాడు.

ఆమె అక్కడితో కూర్చుని ఉండాల్సింది. కానీ విసుగు మనిషిని ఆగనివ్వదు. "సైన్సులో ఏ మాటైనా ఒక ప్రశ్నకి నిలబడాలి. అన్నయ్యా, ఏం కనబడితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి.

"ఏం కనబడ్డా ఒప్పుకోను," అన్నాడు చివరికి. "ఒప్పుకుంటే నాకింకేం మిగుల్తుందే?"

సంఘం అధ్యక్షురాలు లేచి, నమ్మకం సంగతి ఇంట్లో చూసుకుందాం, సైన్సు గదిలో సైన్సే ఉండనిద్దాం అంది. చేతులెత్తించారు. రెండో పాఠం వీగిపోయింది. బయటికి వస్తుంటే లెక్కల టీచరు, "కడిగేశావమ్మా!" అని భుజం తట్టింది. టీచరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం బడి వదలగానే కాళ్లీడ్చుకుంటూ అన్నయ్య దుకాణానికి వెళ్లింది. ఆయన ఒక ముసలావిడ ముక్కుకు ఫ్రేము సరిచేస్తున్నాడు. ఆవిడ వెళ్లేదాకా చెల్లెలు గుమ్మం దగ్గరే నిలబడింది.

"కోపమా?" అంది చెల్లెలు.

"నువ్వడిగింది తప్పు కాదు. అందరిముందూ అడిగావు చూడు, అదే..." ఆయన కళ్లజోడు తుడిచే గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"బడిలో చెప్పొద్దన్నాను గానీ, నిన్ను నమ్మొద్దన్నానా? ఇంట్లో నమ్ముకో, ఎవరొద్దన్నారు?"

"ఇంట్లో నేనొక్కణ్ణే నమ్ముతున్నట్టుందే. బిడ్డేమో వాళ్లమ్మ ఫోటో వంకైనా చూడదు. బళ్లో చెప్తే, పుస్తకంలో ఉంటే, అది కూడా నమ్ముతుందేమో అనుకున్నా. మీ వదిన ఊరికే పుట్టి ఊరికే పోలేదని."

టీచరమ్మ స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "ఫోటో చూడకపోతే మరిచిపోయినట్టా అన్నయ్యా? చూస్తే ఏడుపొస్తుందని చూడదు. మొన్న లంచ్ టైంలో వాళ్లమ్మ గురించే చెప్పింది నాతో."

"నీతో చెప్పిందా? ఏం చెప్పింది?"

"దాన్నే అడుగు."

ఆయన తల ఊపాడు. అడుగుతానని అనలేదు. ఆదివారం భోజనానికి రమ్మంటే "చూద్దాంలే" అన్నాడు.

ఆ ఆదివారం రాలేదు. తర్వాతి ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు, అయినా రెండోసారి వడ్డించుకున్నాడు. పాఠం సంగతి ఎవరూ ఎత్తలేదు. తింటూ తింటూ ఆ పిల్ల వాళ్లమ్మ కూడా ఉప్పు తక్కువే వేసేదంది. తండ్రి చేయి కంచంలోనే ఆగిపోయింది. "అవును, ఎప్పుడూ తక్కువే" అన్నాడు.

మర్నాడు వరండాలో సర్దుబాటు మాస్టారు ఎదురై, సంఘంలో ఇంకెవరో మళ్లీ అదే పాఠం అడుగుతున్నారని చెప్పాడు.

"అడగనివ్వండి సార్," అని టీచరమ్మ సుద్దపెట్టె తీసుకుని తరగతిలోకి నడిచింది.