తడి గోనెసంచులు

“తొట్ల నీళ్లు తగ్గినయే. ఇటికలు పైకి కనవడుతున్నయ్. ఎప్పుడొస్తవ్?”

మా అత్త మల్లవ్వ ఫోన్లో ఇలా అడిగినప్పుడు నేను జగిత్యాలలో ఒక ఆసుపత్రి మంచం పక్కన, నా బిడ్డ స్రవంతి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డెంగీ. నిన్న ప్లేట్‌లెట్లు యాభై రెండు వేలు, ఈ ఉదయం ముప్పై తొమ్మిది. “పిల్లకెట్లుంది?” అని కూడా అడిగింది, అడగలేదని అబద్ధం చెప్పను. కాకపోతే అది రెండో మాట.

ఏది ముందు, ఏది వెనక అని చూసుకోవడం నాకు వ్యాపారంలో వచ్చిన అలవాటు. కోరుట్ల శివారులో మాకు ఇటుకల యార్డు ఉంది. రైస్ మిల్లుల ఊక బూడిదతో, బట్టీలో కాల్చకుండా చేసే ఇటుకలు. దుబాయ్ నుంచి తిరిగొచ్చి మా ఆయన నరేందర్ పెట్టిన మిషన్, బోర్డు మీద ఆయన పేరు. మేస్త్రీలతో బేరాలు, లారీకి ఎక్కించేటప్పుడు లెక్క, పగిలినవి ఎవరి నెత్తిన పడాలన్న పంచాయితీ నావి. వాటికి బోర్డు లేదు.

వానలు మొదలయ్యాక కాలేజీ నుంచి సాయినాథ్ సారు వచ్చాడు. మా ఇటుకల మీద పరిశోధన చేస్తానన్నాడు. నలభై ఇటుకలు ఇరవై ఎనిమిది రోజులు తొట్టిలో నానాలి, ఒక్క పూట ఎండినా లెక్కకు రావు. పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. మరో నాలుగు రోజులకు అదే కాలేజీ నుంచి అనురాధ అనే అమ్మాయి టార్చిలైటుతో వచ్చింది. ఆమెది దోమల మీద పరిశోధన. నీళ్లు వారం దాటి నిలవకూడదు, ప్రతి శుక్రవారం ఖాళీ చేసి గోడలు రుద్దాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి అన్నది. కాలేజీలో సారుది పై అంతస్తట, ఆమెది కింది అంతస్తట. ఇద్దరి చదువులూ కలిసింది మా తొట్టిలోనే.

ఇద్దరికీ నరేందర్ తల ఊపాడు. ఊపి నా వైపు తిరిగి, “సరోజనా, ఇన్నవు గదా!” అన్నాడు.

విన్నాను. తొట్టికి కింద తూము లేదు. నీళ్లన్నీ బకెట్లతోనే తోడాలి, నూట పది బకెట్లు. శుక్రవారం పొద్దున్నే ఇటుకలు బయటికి తీసి, తడి గోనెసంచులు కప్పి, తొట్టి ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో గోడలు రుద్ది, మళ్లీ నింపి, ఇటుకలు దించేదాన్ని. ఇటుక ఎండదు, దోమ పుట్టదు. ఆ గోనెసంచుల ఉపాయం పై అంతస్తులోనూ లేదు, కింది అంతస్తులోనూ లేదు. నాది. సారు చూసి, “నరేందర్ గారు, మంచి ఆలోచన” అన్నాడు. ఆయన నవ్వాడు. కాదనలేదు. నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను.

రెండో శుక్రవారం కొండగట్టు ప్రయాణం పెట్టుకున్నారు. మా అత్త మొక్కు. తొట్టి ఖాళీ చేసి పొద్దెక్కాక బయల్దేరుదామన్నాను.

“దోమలు క్యాలెండర్ సూస్తయా?” అన్నాడు నరేందర్. జీపులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. దర్శనం అయ్యాక రుద్రంగిలో ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. ఆమె ఆపింది. ఇంటికొచ్చేసరికి బుధవారం. శుక్రవారం ఎంతలోకి వస్తుందిలే అనుకున్నాను. శుక్రవారం తెల్లారేసరికి స్రవంతి ఒళ్లు కాలిపోతున్నది.

ఇటుకల లెక్కకు ఈ రోజు ఇరవై ఆరో రోజు. ఆ నీళ్లు నిలిచి పద్దెనిమిది రోజులు.

కుట్టిన దోమ మా తొట్టిదో, పక్క వాడలో కూలర్‌దో ఎవరూ చెప్పలేరు. కానీ మా అత్త తేల్చేసింది. “నువ్వు శుభ్రంగ ఉంచితె పిల్లకు గీ గతి పట్టునా?” ఎదురు చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. ఏది చెప్పినా ఈ మంచం పక్కన పనికిరాదు. సూది గుచ్చినప్పుడు స్రవంతి ఏడవడం మానేసింది. ఏడిస్తేనే బాగుండును.

పొద్దున నరేందర్ వరండాలో సాయినాథ్ సారుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. “నేనే సార్, పొద్దుమాపు నేనే సూస్కుంటున్న. ఇంకో రెండు దినాలే గదా!”

మధ్యాహ్నం అనురాధ వార్డులోకి వచ్చింది, చేతిలో డెంగీ కేసుల వివరాలు రాసుకునే ఫారం. స్రవంతి నుదురు ముట్టుకుని చూసింది. తర్వాత తప్పదన్నట్టు అడిగింది: “నీళ్ల తొట్టి బాధ్యత ఎవరిదని రాయాలి?”

“ఆమెదే మేడం” అన్నాడు నరేందర్, ఆమె మాట పూర్తి కాకముందే. “నీళ్ల సంగతంత ఆమెనే సూస్తది. నాకేం తెల్వది.”

అనురాధ నా వైపు చూసింది. “ఆంటీ, రాయమంటారా?”

“రాయి బిడ్డా” అన్నాను. “సరోజన. తొట్టి నాదే.”

ఆమె రాసింది. మా యార్డుకు సంబంధించిన ఒక కాగితం మీద నా పేరు ఉండటం అదే మొదలు.

నర్సు మళ్లీ రక్తం తీసుకుని వెళ్లింది. రిపోర్టుకు రెండు గంటలట. ఆ రెండు గంటల్లో నేను చేయగలిగింది ఏదీ లేదు, ఒక్కటి తప్ప. యార్డులో పనిచేసే పుష్పకు ఫోన్ చేశాను. నరేందర్ పక్కనే ఉన్నాడు.

“పుష్పా, ఇటికలు బయటికి తీసి తొట్టి కుమ్మరియ్యి. సుక్క ఉండద్దు.”

“ఇంకా రెండు దినాలున్నయంట గదక్కా?”

“కుమ్మరియ్యి.”

“సరే అక్కా. గోనెసంచులు తడిపి కప్పుదునా?”

నరేందర్ లేచి నిలబడ్డాడు.

“కప్పకు” అన్నాను. “ఎండల పెట్టు.”