కోడ్ సర్దే మనిషి

"కోడ్ సర్దే టూల్ ఏదో నువ్వే చూసి చెప్పమ్మా. ఎలాగూ వాడేది నువ్వే కదా," అన్నాడు మా టీమ్ లీడ్.

ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. మగవాళ్లు నలుగురు రాస్తారు. వాళ్లు హడావిడిగా రాసి వదిలేసిన కోడ్‌ను, పని చెడకుండా, మళ్లీ చదవగలిగేలా మార్చేది నేను. దాన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. మా ఆఫీసులో సర్దడం అంటారు. కొత్తగా మొదలవుతున్న మందుల విభాగం డిజైన్ నాకివ్వమని అడిగితే, "నువ్వటు వెళ్తే ఇక్కడ సర్దేదెవరు?" అన్నాడు లీడ్. ఇంట్లో చెప్పాను. మా ఆయన చొక్కా విప్పి కుర్చీ మీద పడేస్తూ, "మంచి పేరేగా, సర్దుకుపో," అన్నాడు. "ఆ పొందిక మగాళ్లకెక్కడ వస్తుందమ్మా," అన్నారు అత్తగారు. సర్దడానికి చేతులు చాలు. సర్దుకుపోవాలంటే నోరు కూడా మూసుకోవాలి. నా చేత రెండూ చేయిస్తున్నారని చొక్కా హ్యాంగర్‌కు తగిలిస్తూ అనుకున్నాను.

టూల్స్ వెతికితే, కోడ్ రాసే ప్రోగ్రామ్‌కు తగిలించుకునే యాడ్-ఇన్‌లు చివరికి రెండు మిగిలాయి. ఒకటి లీడ్‌కు నచ్చింది. మీటింగ్‌లో మేనేజర్ గారి ముందు ఆయనే నడిపి చూపించాడు. కోడ్‌లో 'డాక్' అని కురచగా ఉన్న పేరును 'డాక్టర్' చేయమన్నాడు. అది కనబడిన ప్రతి 'డాక్'నూ మార్చేసింది, అప్పటికే 'డాక్టర్' అని ఉన్నచోట కూడా.

"డాక్టర్టర్ గారు సెలవులో ఉన్నారటండీ," అని తెర మీదది చదివింది టెస్టింగ్ అమ్మాయి. మేనేజర్ గారు కళ్లద్దాలు తీసి నవ్వారు.

నేను రెండోదాన్ని నడిపాను. ఆ పేరును ఎక్కడెక్కడ వాడుతున్నారో ముందు చూపించింది, నేను సరేనన్నాక వాటినే మార్చింది.

"సరే, ఇదే కొందాం. నీ మెషీన్లో వేసుకో," అన్నాడు లీడ్.

"అందరి మెషీన్లలో వేయాలి సార్. ఇందులో ఒక సెట్టింగ్ ఉంది. గజిబిజిగా రాస్తే కోడ్ లోపలికి తీసుకోదు. ఎవరు రాస్తే వాళ్లే సరిచేసుకుని పంపాలి."

"మాకంత టైమెక్కడిది?" అన్నాడు రాసే నలుగురిలో ఒకడు.

"ఇన్నాళ్లూ ఆవిడ టైమేగా వాడుకున్నారు. పెట్టేయండి," అన్నారు మేనేజర్ గారు.

లీడ్ నావైపు తిరిగాడు. "మరి నువ్వేం చేస్తావమ్మా?"

"మందుల విభాగం డిజైన్ చేస్తాను."

అనుమతి అడుగుతున్నట్టు లేదు నా గొంతు. లీడ్ మేనేజర్ గారి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే నా పేరు రాసుకుంటున్నారు.