వెనక వరుస మనిషి

కుర్చీలో కూర్చోబోతూ కొసమ్మ వంగి, ఎడమ పాదం పెట్టే చోట బండ మీద సుద్దముక్కతో చిన్న ఇంటూ గీసుకుంది. ఇరవై రెండేళ్లు నృత్యబృందంలో వెనక వరుసలో, ఎడమ కొసన ఆడిన మనిషి. అందుకే ఆ పేరు. గుర్తు గీసుకోనిదే ఆమెకు కాలు నిలిచేది కాదు. మోకాలు పాడై, ఆట మానేసి, కలం పట్టి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

రాసేది తన కథా అంటే, కాదు. ముందు వరుస నడుమ ఆడిన పెద్దక్క ఆత్మకథ. అట్ట మీద పేరు పెద్దక్కది, బొమ్మ పెద్దక్కది, లోపల ‘నేను’ అన్న ప్రతిచోటా పెద్దక్కే. కొసమ్మకు దక్కింది మెట్ల కింద గది, రెండు పూటలా తిండి. ఆఖరి పేజీలో ‘రాసిపెట్టిన కొసమ్మకు’ అని ఒక్క ముక్క వేయిస్తానని పెద్దక్క మాటిచ్చింది. ఆ ముక్క మీదే ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుంది.

పదకొండింటికి అచ్చుపని చూసే పెద్దమనిషి వచ్చాడు. ముందుగదిలో నలుగురు అతిథుల ఎదుట ఒక పేజీ పైకి చదివాడు.

“‘వీపు మీద మూడో హుక్కు ఊడింది. వెన్నంట చెమట చారగా జారుతోంది. నేను ఆగలేదు.’” అక్కడ ఆగి కళ్లజోడు సర్దుకున్నాడు. “అమ్మా, మీ వీపు మీకెలా కనబడిందండీ?”

అతిథులు ఫక్కున నవ్వారు. పెద్దక్క మొహం మాడిపోయింది. తలుపు పక్కన నిలబడ్డ కొసమ్మకు తల కొట్టేసినట్టయింది. అన్నేళ్లూ ఆమె కళ్లెదుట ఉన్నది ఆ వీపే. ఆడేటప్పుడు పెద్దక్క మొహం ఎలా ఉండేదో ఆమె ఒక్కనాడూ చూడలేదు.

అందరూ వెళ్లాక పెద్దక్క మెట్ల కింద గదికి వచ్చింది.

“నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు కదే!”

“పొరపాటైందక్కా. దిద్దేస్తాను.”

“వీపు కనబడ్డ చోటల్లా కొట్టెయ్. సాయంత్రం కాగితాలకి అచ్చాఫీసు మనిషొస్తాడు. ఆ ఆఖరి ముక్క కూడా తీసెయ్. నువ్వు రాశావని తెలిస్తే ఇంకా నవ్వుతారు.”

“అదొక్కటీ ఉండనీ అక్కా. ఇంకేమీ అడగను.”

“వెనక వరుసలో ఆడేవాళ్లని చూడ్డానికి ఎవరొస్తారే? ఇన్నేళ్లయినా తెలీలేదూ?”

కొసమ్మ కాగితాలు ముందుకు లాక్కుంది. స్కేలు పెట్టి, తిన్నగా, ఒక్కొక్క పంక్తే కొట్టేసుకుంటూ పోయింది. ఆ పుస్తకం మొత్తంలో ఆమె కళ్లారా చూసి రాసినవి ఆ పంక్తులే. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గుండెల్లో ఏదో పట్టేసినట్టుంటే అజీర్తి కాబోలనుకుని నీళ్లు తాగింది. ఆఖరి పేజీలో తన ముక్క కూడా తన చేత్తోనే కొట్టేసి, ఎడమ పాదం గుర్తు మీద సరిగ్గా పెట్టుకుని, బల్ల మీద తల వాల్చింది.

సాయంత్రం అచ్చాఫీసు మనిషి వచ్చాడు. కునుకు తీస్తోందనుకుని, ఆమె మోచేతి కింది కాగితాలు మెల్లగా లాగి, పేజీలు వరుసలో ఉన్నాయో లేదో చూసుకుని వెళ్లిపోయాడు. దీపాలు పెట్టే వేళకు వంటామె వచ్చి పిలిచింది. భుజం తట్టింది. చల్లగా తగిలింది.

మూడోనాడు పెద్దక్క ఆ గది కడిగించింది. పాత పెట్టెలు పెట్టుకోవాలట. వంటామె బండను రెండుసార్లు రుద్ది కడిగింది. తడి ఉన్నంతసేపూ ఏమీ లేదు. నేల ఆరాక, కుర్చీ తీసేసిన చోట సుద్ద ఇంటూ మళ్లీ తెల్లగా తేలింది.