అన్నయ్య సినిమాకి నా సబ్‌టైటిల్స్

అడవిలో ఒంటరిగా చిక్కుకుని, పులి మీసం పీకి దాంతోనే పళ్లు కుట్టుకుని తిరిగొచ్చిన మగాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. అంటే, పులి కాదు, అడవిపిల్లి. మీసం పీకలేదు, చెట్టెక్కి ఏడ్చాను. చిక్కుకోవడం మాత్రం నిజం. కాలు మడతపడిన నన్ను వదిలేసి అన్నయ్య ఒక్కడే వెళ్లిపోయాడు. వాగు నీళ్లు తాగుతూ, పాక్కుంటూ రోడ్డు మీద పడ్డాను.

ఇంట్లోనేమో "తమ్ముడి కోసం అడవంతా గాలించాను" అని భోరుమన్నాడట. నానమ్మ కూడా నమ్మేసింది. అదే నాకు మండిపోయింది.

అంతటితో ఆగాడా? దాన్నే సినిమా తీశాడు, నానమ్మ పుట్టింటివాళ్ల అడవి భాషలో. అందులో అన్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని కొండ దిగుతాడు. అన్న వేషం వాడిదే. మాటలు నానమ్మ చెప్పింది. ఆ భాషలో వాడికి ఒక్క ముక్క రాదు, అన్నీ బట్టీ పట్టాడు. నేను నానమ్మ ఒళ్లో పెరిగాను కాబట్టి సబ్‌టైటిల్స్ పని నాకిచ్చాడు. కత్తి నా చేతికిచ్చి మెడ చాచినట్టే.

మొదటి ఆట. హాలు నిండా పెద్దమనుషులు. "ప్రాణం పోయినా నిన్ను వదలను తమ్ముడూ" అని తెర మీద అన్నయ్య ఆ భాషలో ఏడుస్తున్నాడు. కింద నా అక్షరాలు: "నువ్వు చస్తే నాకేంటి? నేను పోతున్నా. బిస్కెట్లు కూడా నేనే తినేశా."

హాలు గొల్లుమంది. అన్నయ్య మొహం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది.

నానమ్మకి చెవుడు, చదువూ రాదు. ఆవిడతో భయం లేదనుకున్నాను. పక్కన కూర్చుని వదిన ప్రతి అక్షరమూ ఆవిడ చెవిలో అరిచి చదువుతోందని నాకేం తెలుసు?

"ఒరేయ్ చిన్నోడా! ఆ మాటలు నేను చెప్పలేదే!" నానమ్మ లేచి నిలబడింది.

"నిజమే రాశా నానమ్మా! వాడు నన్ను వదిలేసి పోయాడు!" నేనూ గొంతు చించుకున్నాను.

నానమ్మ అన్నయ్య వైపు తిరిగింది. "అవునా పెద్దోడా?"

వాడు తల దించుకున్నాడు. నాకు ఏనుగెక్కినట్టుంది.

"మరి బిస్కెట్లు?"

"అవీ వాడే!"

"అడవి నుంచి వచ్చాక నీ చొక్కా ఉతికిందెవర్రా? జేబు నిండా బిస్కెట్ల పొడి!"

అన్నయ్య తల మెల్లగా లేచింది. "నిద్ర లేచేసరికి ప్యాకెట్ ఖాళీ, నానమ్మా. నక్క తినేసిందన్నాడు. ఒళ్లు మండి వెళ్లిపోయా."

వదిన ఆ మాటా నానమ్మ చెవిలో అరిచింది. "నక్కేనా చిన్నోడా?"

హాలంతా నా వైపే చూస్తోంది.

"నక్క కాదు నానమ్మా... నేనే. వాడి వాటా కూడా."