మణికట్టు వంచాకే

ఉదయం ఏడున్నరకు రేవతి చేతిలోంచి చెంచా జారి ఉప్మా పళ్ళెంలో పడింది. అంతకుముందు వారం అదే చెంచా జారలేదు.

ఆ చప్పుడు విని వంటగదిలోంచి అత్త అచ్చియ్యమ్మ కేకేసింది. "ఉండవే, నేనొచ్చి పెడతాను. తొందరేటి నీకు, బస్సెక్కాలా?"

బస్సెక్కే రోజుల్లో రేవతికి కూర్చుని తినడం తెలీదు. తెల్లవారుజామునే లేచి వంట చేసి, మొగుడు దాసుకి క్యారేజీ కట్టి, మిగిలింది నిలబడే తిని, చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్ళి ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పేది. కిందటేడు మాడుగుల రోడ్డులో స్పీడ్ బ్రేకర్ మీద దాసు బండి ఎగిరింది. వెనక పక్కకి కూర్చున్న రేవతి వెల్లకిలా పడింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్ళు కదలవు. వేళ్ళు కదలవు. మణికట్టు మాత్రం పైకెత్తగలదు.

విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టు ఝాన్సీ ఆ ఒక్క కదలికతోనే పని నేర్పింది. మణికట్టు పైకెత్తితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, కిందికి వదిలితే తెరుచుకుంటాయి. ముడుచుకున్న వేళ్ళ మధ్య చెంచా నిలుస్తుంది. అందుకు వేళ్ళ నరాలు కాస్త బిగిసి ఉండాలి. "వేళ్ళు చాపాలంటే ముందు మణికట్టు కిందికి వంచండి. మణికట్టు వెనక్కి విరిచి చాపితే నరాలు సాగిపోతాయి, ఈ పట్టు పోతుంది" అని ఇంటికి పంపేటప్పుడు దాసుకి చెప్పింది. ఆటోలో సామాన్లు సర్దిస్తూ దాసు తలూపాడు. "ఇంతకీ టీ పెట్టుకోగలదా మేడమ్?" అని అడిగాడు.

రేవతి మళ్ళీ మణికట్టు ఎత్తింది. వేళ్ళు సగం ముడుచుకుని ఆగిపోయాయి. ఇంటికొచ్చాక మారింది ఒక్కటే. బుచ్చయ్యపేట నుంచి వచ్చిన అత్త రోజూ పొద్దున్నే నువ్వుల నూనె వేడిచేసి, అరచెయ్యి వెనక్కి విరిచి, వేళ్ళు ఒక్కొక్కటీ చాపి లాగుతుంది. పసిపిల్లలకు నీళ్ళు పోసేముందు కాళ్ళూ చేతులూ సాగదీసినట్టే. మొదటి రోజు రేవతి వద్దంది. "నీ మొగుడికి ఇలాగే సాగదీసి పెంచేను. వొంకరున్నాడేటి సూడు" అని అత్త నవ్వింది. రెండోసారి రేవతి అనలేదు. ఎందుకు అనలేదో ఆమెకు తెలుసు. నాలుగు గంటలకొకసారి గొట్టం పెట్టి మూత్రం తీసేది అత్త. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది అత్త. ఆ చేతుల్లో బతుకుతూ ఆ చేతులనే తప్పు పట్టడం ఎలాగ? పెళ్ళైన కొత్తలో వంకాయ ఎంత ముక్క తరగాలో కూడా ఆవిడే చెప్పింది. ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక్క పని కూడా ఇలా కాదు, అలా అని రేవతి చెప్పలేదు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే చెంచా ఉండదు. ఎవరో వచ్చి పెట్టేదాకా నోరు తెరుచుకుని ఉండడం మిగులుతుంది.

అచ్చియ్యమ్మ నూనె గిన్నెతో వచ్చి చెయ్యి అందుకుంది.

"వొద్దత్తా. చెంచా జారిపోతంది. నువ్వు లాగడం వల్లే."

"నా వల్లా?"

"మణికట్టు కిందికి వంచి అప్పుడు చాపాలి. ఝాన్సీ మేడమ్ చెప్పేరు కదా..."

"ఆ మేడమొచ్చి నీ పక్కబట్టలు ఉతుకుతాదేటి? సెరుకు తోట ఒగ్గీసొచ్చి నీకాడ పడున్నాను. నా వల్ల పాడైపోనాదంట!"

గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

పది గంటలకు గొట్టం పెట్టాలి. అత్త రాలేదు. పెరట్లో బండ మీద బట్టలు బాదుతున్న చప్పుడు వస్తోంది. కాసేపటికి రేవతి నుదుట చెమట పట్టింది. తల పోటెత్తింది. మూత్రం నిండిపోతే మీలాంటివాళ్ళకి బీపీ ఒక్కసారిగా పైకెళుతుంది, తలపోటు మొదలైతే ఆలస్యం చెయ్యొద్దు, ప్రాణం మీదికొస్తుంది అని ఆసుపత్రిలో చెప్పారు. "అత్తా" అని పిలిచింది. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి గొంతుకి బలం లేదు. ఆ పిలుపు గది దాటలేదు. వేలి కణుపుతో ఫోన్ నొక్కింది. ఎరువుల కొట్లో ఉన్న దాసు ఎత్తాడు.

"అమ్మ ఇప్పుడే ఫోన్ చేసి ఏడిసింది. ఏటన్నావ్?"

"తలపోటొస్తంది మావా. గొట్టం పెట్టాలి. అత్తకి చెప్పు."

"చెప్తాన్లే. నువ్వు ముందు సారీ చెప్పు. ఆ వయసులో నీకు సేవ చేస్తంది. ఎలాగూ పనిచెయ్యని వేళ్ళు, ఓ పావుగంట నూనె రాయించుకుంటే నీకేటి పోద్ది?"

ఫోన్ పెట్టేశాడు. రేవతికి గోడ మీద గడియారం రెండుగా కనిపించింది. పెరట్లో చప్పుడు ఇంకా వస్తోంది. తర్వాత అక్కడ అత్త ఫోన్ మోగింది, చప్పుడు ఆగింది.

అచ్చియ్యమ్మ పరుగున వచ్చి, చేతులు కడుక్కుని గొట్టం పెట్టింది. మూత్రం దిగుతున్నకొద్దీ తలపోటు తగ్గింది.

"పిలవొద్దేటే గుంటా? సచ్చిపోదామనుకున్నావా?"

"పిలిచేను."

అచ్చియ్యమ్మ గొట్టం తీసేసింది. తుడిచి, దుప్పటి సర్ది, వంటగదిలోకి వెళ్ళి నూనె గిన్నెతో తిరిగొచ్చింది. మంచం మీద కూర్చుని రేవతి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"కోపాలొద్దులే. ఇటియ్యి."

మళ్ళీ గొట్టం రెండు గంటలకు పెట్టాలి. అప్పుడు ఈవిడ రాకపోతే ఏమవుతుందో పొద్దున్న ఆ మాట అన్నప్పుడు రేవతి ఆలోచించలేదు. ఇప్పుడు తెలుసు. ఊరుకుంటే చాలు, సారీ కూడా అక్కర్లేదు. అత్త వేళ్ళు అరచేతిని వెనక్కి విరవబోతున్నాయి.

"మణికట్టు కిందికి వంచకుండా నా వేళ్ళు ముట్టుకోకత్తా" అంది.

అచ్చియ్యమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి వదిలేసి, గిన్నె తీసుకుని లేచింది. పెరటి తలుపు మూసిన చప్పుడైంది.

మూత్రం తొందరగా నిండకుండా, ఆ తర్వాత రేవతి మంచినీళ్ళు ముట్టలేదు. పక్కన పెట్టిన నీళ్ళ సీసా స్ట్రా నోటికి అందేంత దూరంలోనే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలకు అచ్చియ్యమ్మ మూత్రం గొట్టం తీసుకుని వచ్చింది. నూనె గిన్నె తేలేదు.