మాస్టారు ఎత్తుకెళ్లిన కుట్టుమిషన్

ఇంట్లో ఆమెని సీసాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మొగుడు, పళ్ల డాక్టరు. పెళ్లాం నెలకి రెండు ఊళ్లు తిరిగి, పోర్ట్ వైన్ రుచి చూసి, పళ్లు ఎర్రగా చేసుకుని గుమ్మంలో దిగుతుంటే పళ్ల డాక్టరుకి ఆ మాత్రం కడుపుమంట ఉండదా మరి. పోర్ట్ అంటే తియ్యగా, చిక్కగా, పీపాల్లో ఏళ్లతరబడి మగ్గే వైన్. దాని మీద ఆమె ప్రతి శుక్రవారం పొద్దున్నే ఓ ఉత్తరం రాసి నాలుగువేల మందికి ఈమెయిల్లో పంపుతుంది, తన వెబ్ పేజీలోనూ పెడుతుంది. తొమ్మిదేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు. రైల్లో రాసింది, విమానాశ్రయంలో నేలమీద చతికిలబడి రాసింది, కూతురికి జ్వరమొస్తే ఒక చేత్తో తడిగుడ్డ వేస్తూ రెండో చేత్తో రాసింది.

అలాంటి మనిషిని దొంగ అన్నారు.

అన్నది పోర్ట్ ప్రియుల ఆన్‌లైన్ బృందం. దానికి పెద్ద తలకాయ పీపా మాస్టారు. రిటైరైన లెక్చరరు, బృందాన్ని మొదలుపెట్టినవాడు, ప్రతి గురువారం అందులో ఓ శీర్షిక రాస్తాడు. సీసాలమ్మకి ఒక అలవాటుంది. ప్రయాణాల హడావిడిలో ఏ సంవత్సరమో ఏ పేరో తారుమారవుతుందని భయపడి, మంగళవారమే చిత్తుప్రతిని బృందంలోని ముగ్గురికి పంపి చూడమంటుంది. ఆ ముగ్గురిలో మాస్టారొకడు. కొన్నాళ్లకి ఆయన తప్పులు దిద్దడం మానేసి వాక్యాలు ఎత్తుకోవడం మొదలెట్టాడు. గురువారం ఆయనది వస్తుంది, శుక్రవారం ఈమెది. చూసేవాళ్లకి ఎవరు కాపీ కొట్టినట్టు?

మొదట్లో ఒకటి రెండు మాటలే పోయాయి. పెద్దాయన, పోనీలే అని సరిపెట్టుకుంది. అదే ఆమె చేసిన బుద్ధితక్కువ పని. ఓసారి ఒక పాత సీసా గురించి, మా అమ్మమ్మ కుట్టుమిషన్ సొరుగు లాగితే వచ్చే వాసన ఇది, మిషన్ నూనె, ఎండిన నారింజ తొక్క, పాత గుడ్డపేలికలు అని రాసుకుంది. కూతురి ఈత క్లాసు బయట బెంచీ మీద కూర్చుని అది రాస్తూ కళ్లు తుడుచుకుంది కూడా. గురువారం చూస్తే మాస్టారి శీర్షికలో అది అక్షరం పొల్లుపోకుండా ఉంది. 'మా అమ్మమ్మ'తో సహా. నూటపన్నెండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. వాక్యాలు పోతే పోయాయి, ఆ మనిషి అమ్మమ్మనే ఎత్తుకుపోయాడు.

ఒళ్లు మండి, తేదీలతో సహా తన ఈమెయిళ్లు బృందంలో పెట్టేసింది. మాస్టారు చాలా తియ్యగా జవాబిచ్చాడు. ఫోన్లో తను చెబుతుంటే ఆవిడ రాసుకునేదట. ఇల్లు, పిల్ల, ప్రయాణాలు, పాపం ఆవిడ మాత్రం ఎన్నని చూసుకుంటుంది, తనేమీ అనుకోవడం లేదట. దొంగ అని మిగతావాళ్లు అన్న మాట కన్నా ఆ 'పాపం' ఎక్కువ కాల్చింది. వచ్చే ఆదివారం ఓటింగ్ అని ప్రకటించారు. ఆమె ఉత్తరాన్ని బృందం మొదటి పేజీలోంచి తీసెయ్యాలా, ఉంచాలా అని. నాలుగువేల మందిలో మూడొంతులు ఆ పేజీ చూసి వచ్చినవాళ్లే. పేరు పోతే తొమ్మిదేళ్లూ బూడిదే.

సోమవారం భోజనాల బల్ల దగ్గర ఆమె పళ్లు నూరుతూ ఇదంతా చెబుతుంటే, ఎదురుగా అత్తగారు దగ్గుతూ మందు సీసా మూత తిప్పుతోంది.

"ఆ మహానుభావుడు నీకన్నా ముందు దేని గురించైనా ఒక్కసారి రాశాడా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా."

"అయితే వాడికి ముక్కు లేదు. నీ ముక్కుతోనే బతుకుతున్నాడు."

సీసాలమ్మ చూపు మందు సీసా మీద పడింది. అది నల్లగా, చిక్కగా ఉంది. లేచి వెళ్లి రుచి చూసే సన్న గ్లాసు తెచ్చింది.

"అది నా మందమ్మా," అంది అత్తగారు.

"రెండు చెంచాలే అత్తయ్యా."

గ్లాసు తిప్పింది, వాసన చూసింది, నాలుక మీద ఆడించి మింగింది. తొమ్మిదేళ్ల నిజాయితీ ఎక్కడికి పోతుంది, ఉన్నది ఉన్నట్టే రాసింది. ముందు లవంగం ఘాటు, వెనకాలే కాచిన తేనె, చివర కర్పూరపు చల్లదనం, గొంతు దిగాక కూడా నిమిషం దాకా వదలని తియ్యటి చేదు. మంగళవారం ఎప్పుడూ చూసే ముగ్గురిలో మిగతా ఇద్దరికి 'మా అత్తగారి దగ్గు మందు' అన్న శీర్షికతోనే పంపి, శుక్రవారం దాకా నోరు విప్పొద్దని మాట తీసుకుంది. ఏ గొడవా జరగనట్టే మాస్టారికీ పంపింది, ఆయన ప్రతిలో మాత్రం శీర్షిక మార్చింది. ఎక్కడా లేని ఒక చిన్న వైన్ కొట్టు పేరు, నలభై ఏళ్ల పోర్ట్ అనీ పెట్టింది. ఆ వారం ప్రయాణం కూడా మానుకుంది. వాడు పడటం ఇంట్లో కూర్చుని తీరిగ్గా చూడాలనిపించింది.

బృందమంతా తన వైపే ఉందన్న ధీమాతో మాస్టారు గురువారం ఆమె ఆశించిన దాని కన్నా బాగా పడ్డాడు. లవంగం, తేనె, కర్పూరం అన్నీ దింపేసి, సొంత కవిత్వం కూడా కలిపాడు. ఆ కొట్టు యజమాని తన పాత మిత్రుడట. భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లి, నీకోసమే దాచానంటూ తనే పోశాడట. గ్లాసు ఖాళీ అయ్యాక ఇద్దరూ మాట్లాడుకోలేకపోయారట. సీసాలమ్మ దాన్ని అత్తగారికి రెండుసార్లు చదివి వినిపించింది.

శుక్రవారం పొద్దున ఉత్తరం వెళ్లింది. లోపల ఒక్క మాట మార్చలేదు, పైన అసలు శీర్షిక, పక్కన మందు సీసా ఫొటో, చివర ఒక సలహా: రోజుకి మూడుసార్లు, భోజనం తర్వాత. మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

గంటలో బృందం అట్టుడికింది. మిగతా ఇద్దరూ తమ ప్రతులు తేదీలతో పెట్టారు. మాస్టారికి గొంతు ఎలా ఉందని జనం వరసపెట్టి అడిగారు. మధ్యాహ్నానికల్లా ఆయన శీర్షిక మాయమైంది, కానీ అప్పటికే దాని ఫొటోలు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. ఆదివారం ఓటింగ్ అక్కర్లేదని వాళ్లే రద్దు చేసుకున్నారు. సీసాలమ్మ ఆ వెక్కిరింపులన్నీ ఒక్కొక్కటే చదివింది. ఎంత చదివినా తనివి తీరలేదు.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశాడు. గొంతులో తియ్యదనం లేదు.

"నవ్వులపాలు చేశావమ్మా. అందరికీ పంపేశావు సరే, కనీసం నీ పేజీలోంచి తీసెయ్. మనవలు చూస్తున్నారు."

"తీసేస్తాను మాస్టారూ. ఒక్కటి చెప్పండి. మీ అమ్మమ్మ కుట్టుమిషన్ ఏ రంగు?"

ఆమె తొందరపెట్టలేదు. తీసేస్తానన్నది ఉత్తమాట కాదు, ఆ మనిషి క్షమించమని ఒక్క మాట అంటే చాలు, తీసేసేదే. కానీ మాస్టారు అప్పుడు కూడా ఊహించడానికే చూశాడు.

"నల్లది కదమ్మా. మిషన్లన్నీ నల్లగానే ఉండేవి."

"ఆకుపచ్చది," అని ఫోన్ పెట్టేసింది.

అత్తగారు వింటూనే ఉంది. పెద్దాయన కదా, కొంచెం కూడా జాలెయ్యలేదా అని అడిగింది. సీసాలమ్మ నిజంగానే లోపల వెతికి చూసుకుంది. ఎక్కడా లేదు.